ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టబోతున్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటున్నావని, ఓవర్‌క్లాక్ కూడా చేస్తానంటున్నావని, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువలో చిప్పుని పరిగెత్తిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని ఆ పూటంతా సంతోషంగా తిరిగాను. రాత్రికి దిగులు పట్టుకుంది. అది ఆమె చీటీ పాడి తెచ్చిన డబ్బు.

"ఇది 5 నానోమీటర్ల చిప్పు, చిన్న టెక్నాలజీ, చల్లగా ఉంటుంది, ఎంతైనా పెంచొచ్చు" అని ఆమెకి చెప్పావంట. ఒకప్పుడు అది నిజమే. చిప్పులో ఉండే బుల్లి స్విచ్చులు, అంటే ట్రాన్సిస్టర్ల కొలతలు తగ్గిస్తూ వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే స్పీడు పెరుగుతుంది, అంతే జాగాలో వేడి మాత్రం పెరగదని ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ వాళ్లు 1974లోనే లెక్క కట్టారు. ఆ లెక్క మీదే మా కాలం నడిచింది. 1998లో వచ్చిన ఇంటెల్ చిప్పు సెలెరాన్ 300ఏ 250 నానోమీటర్లది. చిప్పుని మదర్‌బోర్డుతో కలిపే దారి, అదే 'బస్', దాని స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450లో పరిగెత్తేది. అలా పరిగెత్తినవి చాలా చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

2005 ప్రాంతంలో ఆ లెక్క చెడింది. వోల్టేజీ ఇంకా తగ్గించాలంటే, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్లోంచి కూడా కరెంటు కారిపోతోంది. ఇంటెల్ 90 నానోమీటర్లకి దిగాక పెంటియం 4 వేడికి తట్టుకోలేక 3.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్ తెస్తామని చెప్పి 2004లో మానుకున్నారు. ఆ తర్వాత నుంచి చిప్పు చిన్నదైతే వచ్చే లాభం ఎక్కువగా కోర్ల (చిప్పులో విడివిడిగా లెక్కలు చేసే భాగాల) సంఖ్యలోకి, కరెంటు పొదుపులోకి పోతోంది. స్పీడు మునుపటిలా దానంతటది పెరగడం లేదు.

ఇక నా భయం. నెల్లూరులో షాపు నడిపే రోజుల్లో ఒక డిగ్రీ కుర్రాడు వచ్చేవాడు, నీలాగే చురుకు. మొదటి రకం పెంటియం 4 మీద చెయ్యి తిరిగినవాడు. అది 180 నానోమీటర్లది, మామూలుగానే 1.75 వోల్టుల మీద నడిచేది. తర్వాత 130 నానోమీటర్లది కొన్నాడు. దానికి మామూలు వోల్టేజీ 1.5 దగ్గర. తను బాగా ఎరిగిన అంకె కదా అని దీనికీ 1.75 పెట్టేశాడు. వద్దురా అన్నాను. "పాత దానికి అదే కదా సార్ మామూలు, దీనికేం అవుతుంది?" అన్నాడు.

మొదట్లో అద్భుతంగా నడిచింది. స్నేహితులందర్నీ పిలిచి చూపించాడు. కొన్నాళ్లకి ఆటల మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఆగినప్పుడల్లా ఇంకాస్త వోల్టేజీ పెంచేవాడు, నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ అదే. నువ్వు గుర్తుపట్టాల్సింది ఇక్కడే చిన్నా. నిన్నటిదాకా సరిపోయిన వోల్టేజీ ఇవాళ చాలడం లేదంటే లోపల చిప్పు అరిగిపోతోందని అర్థం. కొత్త తరం చిప్పుల్లో తీగ సన్నగా, ట్రాన్సిస్టర్లోని రక్షణ పొర పలచగా ఉంటాయి. పాత చిప్పు భరించిన వోల్టేజీని కొత్తది భరించలేదు. ఎక్కువ కరెంటు వేడి మీద పారుతుంటే ఆ తీగల్లోని రాగి అణువులే మెల్లగా జరిగిపోతాయి. చివరికి ఒకరోజు స్క్రీన్ రానే లేదు. ఇంట్లో ఎలా చెప్పాలని షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. వాడికి తిట్టు కంటే టీ అవసరమనిపించింది. నువ్వు అలా కూర్చోకూడదు నాయనా.

పాత కథే అనుకోకు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ తీసుకుని చెడిపోతున్నాయని 2024లో బయటపడింది. కంపెనీ మైక్రోకోడ్, అంటే చిప్పు లోపలి ప్రోగ్రామ్, సరిచేసి వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. ఫ్యాక్టరీ సెట్టింగులతోనే అలా జరిగితే, ఎవరో వీడియోలో చెప్పిన అంకె నీ చిప్పుకి పెడతావా? పెట్టావంటే నాకు కోపం వస్తుంది.

నువ్వు తీసుకుంటున్న రైజెన్ 7 7700ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఉన్న ముక్క చిటికెన వేలి గోరంత ఉంటుంది. అంత చోటులోంచి వేడి బయటకి లాగడమే కష్టం. పైగా కంపెనీవాళ్లే దాన్ని 5.4 గిగాహెర్ట్జ్ దాకా తోసి అమ్ముతున్నారు. అప్పట్లో ఓవర్‌క్లాకింగ్‌కి మేం వాడుకున్న మిగులు స్పీడు ఇప్పుడు కంపెనీయే వాడేసుకుంటోంది. వోల్టేజీ 10 శాతం పెంచితే, స్పీడు పెంచకముందే వేడి 21 శాతం పెరుగుతుంది.

అందుకని వోల్టేజీ పెంచడం కాదు, కిందికి దించు. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) కర్వ్ ఆప్టిమైజర్ అని వోల్టేజీ తగ్గించే సెట్టింగు ఉంటుంది, దాన్ని మైనస్ 10తో మొదలుపెట్టు. అదే స్పీడుకి తక్కువ వోల్టేజీ సరిపోతే చిప్పు చల్లబడి తనంతట తనే కాస్త పైకి వెళ్తుంది. పెద్ద లోడ్ పెట్టి పాసైందని సంబరపడకు. కర్వ్ తగ్గించినప్పుడు ఊరికే బ్రౌజర్ తెరిచినప్పుడో, ఖాళీగా ఉన్నప్పుడో ఆగిపోవచ్చు. నాలుగు రోజులు మామూలుగా వాడి చూడు. వారంటీ షరతులు ముందే చదువు. పేస్టు, కూలరు, ర్యామ్ సంగతి నీకు తెలిసిందే.

మరొకటి, నీ గది. చలికాలంలో గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 75 చూపిస్తే, రోహిణి కార్తెలో గది 40 అయినప్పుడు అదే పనికి 90 దాకా పోతుంది. ఒంగోలు ఎండ నీకు చెప్పాలా? సెట్టింగులు మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా నిలబడాలి. కొత్తపట్నం ఇంట్లో పెడితే సముద్రపు ఉప్పుగాలి ఉంది, కిటికీ పక్కన పెట్టొద్దు. ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కి చూపించేదాకా స్విచ్ వెయ్యకు. ఈ ఒక్కదానికి బతిమాలుతున్నాను.

బిగించాక ఏ మార్పూ చెయ్యకుండా, ఖాళీగా ఉన్నప్పుడూ లోడ్‌లోనూ ఎంత వోల్టేజీ, ఎంత వేడి ఉన్నాయో ఫోటో తీసి నాకు పంపు. అది చూసి ఇద్దరం కలిసి మొదలుపెడదాం. డబ్బు తక్కువైతే అమ్మని అడక్కు, మంచి కూలర్ నేను కొనిస్తాను.

ప్రేమతో,
పెదనాన్న, నెల్లూరు