కోడలి సంగతి అటుంచండి, పెసరట్టు సంగతి చెప్పండి

'నాకు 57 ఏళ్లు. విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. పరగడుపు షుగరు 118 వచ్చింది. డాక్టరు గారు మాత్ర రాయకుండా మూడు నెలలు నడిచి రమ్మన్నారు. పొద్దున్న నాకు తీరదు. మావారు రిటైరై నాలుగేళ్లయింది, రోజూ ఐదింటికే బీచ్ రోడ్డుకి నడకకి వెళ్లి ఏడింటికి వస్తారు, వచ్చేసరికి పెసరట్టు, అల్లం పచ్చడి సిద్ధంగా ఉండాలి. నాకున్న సరదా బాల్కనీలో కుండీలే. పుదీనా, కొత్తిమీర, కరివేపాకు వేశాను. దోమలొస్తున్నాయని మా కోడలు వాటిని తీసేయమంటోంది. కొత్తిమీర కావాలంటే ఫోన్లో తెప్పిస్తుంది. ఇంట్లో పెంచిన ఆకు విలువ ఆ పిల్లకి ఎలా తెలిసేలా చేయాలి?'

ఆ పిల్లకి తెలియకపోతే కొంపేం మునగదమ్మా. పైగా దోమల విషయంలో మీ కోడలి మాటే నిజం. డెంగీ దోమ మురికి కాలవ కోసం వెతుక్కోదు, నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కుండీ కింద ప్లేటులో నాలుగు చెంచాల నీళ్లు నిలిచినా చాలు. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులే పడుతుంది. నీళ్లు పోసిన అరగంటకి ప్లేటు వంచేయండి. వారానికోసారి పీచుతో అంచులు గట్టిగా తోమండి, గుడ్లు ఆ అంచుకే అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి. తగువు తీరిపోతుంది. ఇక కోడలి ఊసు మనకొద్దు.

మీ ఉత్తరంలో ఆమెకి మూడు వాక్యాలిచ్చారు, మీ వారికి ఒక్కటి. అసలు ఉత్తరం ఆ ఒక్కటే. షుగరు వచ్చింది మీకు, నడవమన్నది మిమ్మల్ని, నడుస్తున్నదేమో ఆయన. ఆయన నడిచొచ్చిన ఆకలి తీర్చడానికి మీరు పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. సరదా అని రాసిన పుదీనా కూడా ఆయన పచ్చడిలోకే పోతోందేమో చూసుకోండి.

భర్తకి వేళకి పెట్టడం ధర్మమే, ఆ మాట కొట్టిపారేయను. కానీ ఆ ఏడింటి వేళ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన ఉద్యోగానికి వెళ్లే రోజుల నుంచి. ఆ ఉద్యోగం పోయి నాలుగేళ్లయింది, వేళ మాత్రం మీ నెత్తిన అలాగే ఉంది. ఆయన చెడ్డవారని నేననడం లేదు. మీకు 118 వచ్చిందన్న సంగతి ఆయనకి చెప్పారా అసలు? ఉత్తరంలో ఆ ముక్క లేదు. చెప్పకుండా లోపల కుములుతూ ఉంటే అది త్యాగమనిపించుకోదు, అలక అనిపించుకుంటుంది.

అడగొద్దు, చెప్పండి. రిపోర్టు ఆయన చేతిలో పెట్టి, 'ఏమండీ, సోమవారం నుంచి ఐదున్నరకి నేనూ నడకకి వెళ్తాను. అట్టు మీరు వేసుకోండి' అనండి. వివరణలొద్దు. ఆయనకి రాదంటారేమో. పెసరట్టు కన్నా సులువైన అట్టు లేదు, పులియబెట్టే పని కూడా ఉండదు. గ్లాసుడు పెసలు, గుప్పెడు బియ్యం రాత్రి పదింటికి నానబోస్తే తెల్లారేసరికి సిద్ధం. రెండు పచ్చిమిర్చి, అంగుళం అల్లం ముక్క, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీ పట్టడమే. పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి తుడిచి, మంట తగ్గించి పిండి పరవాలి. మంట తగ్గించకపోతే పిండి గరిటెకే చుట్టుకుంటుంది. మొదటి రెండూ ముద్దవుతాయి, అవనివ్వండి. నాకున్న భయం ఆయన గురించి కాదు, రెండో అట్టు ముద్దవగానే మీరే వెళ్లి గరిటె లాక్కుంటారని.

ఆయన వెంటనే 'నాతోనే బీచ్‌కి రా' అంటారు. మొదటి నెల వెళ్లకండి. నాలుగేళ్లుగా నడుస్తున్న మనిషి అడుగు వేరు. ఆయన ముందు, మీరు పదడుగులు వెనక రొప్పుతూ వెళ్తే వారానికే మోకాలు పట్టేస్తుంది, 'నీ వల్ల కాదులే' అన్న మాట కూడా పడుతుంది. బీచ్ రోడ్డు మీద పొద్దున్న వాహనాలు ఆపేస్తారు కాబట్టి ఆ ముచ్చట రెండో నెలలో తీర్చుకోవచ్చు. ఇప్పటికి మీకు దగ్గర్లోని శివాజీ పార్కు చాలు. మన ఊళ్లో వీధులు ఎక్కడమో దిగడమో తప్ప చదునుగా ఉండేవి తక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు. కొత్తలో చదునైన దారే మేలు. ఇసుకలో నడక కూడా అప్పుడే వద్దు. పిక్కలు, మడమలు పట్టేస్తాయి, నీటి అంచున నేల వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలి మీదే భారం పడుతుంది.

మొదటి వారం రోజుకి పది నిమిషాలే. ఓపిక ఉంది కదా అని అరగంట నడిచి, మర్నాడు పడుకునేవాళ్లే ఎక్కువ. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే ఐదో వారానికి అరగంట అవుతుంది. వారంలో ఐదు రోజులు అరగంట అంటే 150 నిమిషాలు, పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క అదే. వేగం ఎంతంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మొదటి రెండు, చివరి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవండి. చెప్పులతో వద్దు. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. ఛాతీ బిగుసుకున్నా, దవడో ఎడమ చెయ్యో లాగినా అక్కడే ఆగిపోయి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాసులే అని ఇంట్లో కూర్చోవద్దు.

రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు అపార్టుమెంటు సెల్లార్‌లో తిరగండి. తిన్న తర్వాత పెరిగే షుగరుకి ఆ నడక బాగా పనిచేస్తుంది. వానకీ వీధికుక్కలకీ కూడా అదే విరుగుడు. మూడు నెలలయ్యాక పరగడుపు పరీక్షతో పాటు హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి, అది ఇంచుమించు మూడు నెలల సగటు చెబుతుంది.

ఇక కుండీలు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలపండి. పొట్టుని ముందు రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండేయాలి, లేకపోతే అందులోని ఉప్పుకి లేత వేళ్లు మాడతాయి. సముద్రపు గాలి తగిలే బాల్కనీలో చిన్న కుండీ సాయంత్రానికే ఎండిపోతుంది, ఆకుల మీద ఉప్పు కూడా పేరుకుంటుంది. వారానికోసారి మంచినీళ్లతో ఆకులు కడగండి. వేలు అంగుళం లోతుకి దింపి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి.

కొత్తిమీరకి ఇప్పుడు, చలి మొదలయ్యే వేళ, మంచి అదను. వంటింట్లో ధనియాలే వాడుకోవచ్చు, మరీ పాతవి కాకుండా చూసుకోండి. అప్పడాల కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లాలి. మొలకకి పది రోజులు పడుతుంది, నాలుగో రోజున మట్టి కెలికి చూడకండి. నారు తీసి నాటితే బతకదు, దాని తల్లివేరు కదిలిస్తే ఊరుకోదు. వేసవిలో ఆకు వేయకుండా పూతకొచ్చేస్తుంది, ఆ నాలుగు నెలలూ మెంతులు చల్లుకోండి, మూడు వారాల్లో కూరకొస్తాయి. పుదీనాని విడిగా వెడల్పాటి తొట్టిలో పెట్టండి, పక్క మొక్కల్ని బతకనివ్వదు. బజారు కట్టలోంచి జానెడు కాడ తీసి, కింది ఆకులు దూసేసి గ్లాసు నీళ్లలో పెడితే పది రోజుల్లో వేళ్లొస్తాయి. కరివేపాకు ఒక్కో ఆకు పీకితే మొక్క గిడసబారిపోతుంది, కొమ్మ చివర తుంచితే పక్క నుంచి రెండు చిగుళ్లొస్తాయి. పక్షి రెట్టలా కనబడే పురుగు దానికి పడుతుంది. అది సీతాకోకచిలుక పిల్ల, చేత్తో తీసేస్తే చాలు, మందు కొట్టక్కర్లేదు.

కరివేపాకు తింటే షుగరు పోతుందని పార్కులో మొదటి రోజే ఎవరో ఒకరు చెబుతారు. పోదు. అయితే దాని పొడి పచ్చడి కన్నా మేలు, ఉప్పూ నూనే తక్కువ పడతాయి. రెండు గ్లాసుల ఆకు కడిగి నీడన పూర్తిగా ఆరబెట్టాలి, తడి ఉంటే పొడి నాలుగు రోజులకే బూజు పడుతుంది. రెండేసి చెంచాల సెనగపప్పు, మినప్పప్పు, చెంచా ధనియాలు, ఎనిమిది ఎండుమిర్చి దోరగా వేయించి తీసి, అదే మూకుడులో ఆకు గలగలలాడేదాకా వేయించి, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు వేసి కొట్టండి.

ధనియాలు ఆదివారం రాత్రి నానబెట్టండి. సోమవారం నడిచొచ్చాక చల్లితే, ఆరో వారానికి కోతకొస్తాయి, అప్పటికి మీ నడక అరగంట అయి ఉంటుంది. ఆ మొదటి కోత పచ్చడి మాత్రం మీరు చేయొద్దు. ఆయన్ని నూరమనండి.