ఖాళీ గడిని సున్నా అనుకోకమ్మా

అమ్మాయ్,

నువ్వు పంపిన ఎక్సెల్ పట్టిక ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. మధ్యయుగాల తొలినాళ్లలో హంగేరీ ప్రాంతాన్ని ఏలిన అవార్లు ఆడవాళ్ల సమాధుల్లో, మగవాళ్ల సమాధుల్లో వేర్వేరు జంతువులు పెట్టారా అని తేల్చడానికి కదా ఇది. ఒక్కో సమాధికి ఒక్కో వరస. కత్తి, కుండ, పూసలు, రికాబు, గొర్రె, ఆవు, కోడి... ఉంటే 1, లేకపోతే 0. పని శుభ్రంగా ఉంది. ఆ సున్నాల దగ్గరే నాకు బెంగ.

అవార్ సమాధిలో గొర్రె ఎముక లేదంటే, అసలు మాంసం పెట్టలేదనే కాదు. పెట్టాక దొంగలు తవ్వి చెల్లాచెదురు చేసి ఉండొచ్చు. పాతకాలపు తవ్వకాల్లో కోడి ఎముకలూ గుడ్డు పెంకులూ ఎవరూ ఏరకపోయి ఉండొచ్చు. అసలు పెట్టకపోవడం ఒక్కటే సున్నా. మిగతావి ఖాళీ గడులు.

ఎంత తేడా వస్తుందో చూడు. లెక్క కోసం ఊహించిన అంకెలివి. ఆడవాళ్ల సమాధులు 40, వాటిలో 20కి గొర్రె ఎముక ఉంది. మగవాళ్లవి 40, ఎముక 10లోనే. తేడా కాకతాళీయమా కాదా అని చూసే కై స్క్వేర్ అంకె 5.33 వస్తుంది, హద్దు అయిన 3.84 దాటింది కాబట్టి తేడా ఉందని రాసేస్తాం. ఇప్పుడు బెల్టు బిళ్లల కోసం దొంగలు మగవాళ్లవి 16, ఆడవాళ్లవి 4 తవ్వేశారనీ, వాటిలో ఎముక ఏదీ దొరకలేదనీ అనుకో. వాటిని పక్కన పెడితే 36లో 20, 24లో 10. కై స్క్వేర్ 1.11కి పడిపోతుంది. మనం కనిపెట్టింది అవార్ల ఆచారాన్ని కాదమ్మా, దొంగల అలవాటును! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వేలో నేనూ ఖాళీలను సున్నాలు చేశాను. ఆ నివేదిక తిరగరాయడానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

తర్వాత, 'గొర్రె' అని ఒక్క గడి చాలదు. తలా, కాళ్ల చివరలూ మాత్రమే దొరికితే అది తోలుతో సహా పెట్టిన బలి కావచ్చు. తుంటి మధ్య ఉండే త్రికాస్థి ఒక్కటే, కుండ పక్కన దొరికితే అది వడ్డించిన ముక్క. ఈ రెండింటినీ ఒకే 1 కింద కలపకు. గుర్రం విషయంలోనూ అంతే, నిండు గుర్రం వేరు, తలా కాళ్లూ వేరు. ముక్కలు లెక్కపెట్టి జంతువులు లెక్కపెట్టాననుకోకు, ఒక్క గొర్రే పన్నెండు ముక్కలై కనబడుతుంది.

కోడి దొరికితే పుంజా పెట్టా అని ఎముకల నిపుణులను అడుగు. పుంజు కాలికి ముల్లు ఉంటుంది. గుడ్లు పెట్టే పెట్టకు పొడుగెముకల లోపల సున్నం పేరుకుని నిండుగా ఉంటుంది. పుంజు మగవాళ్లకూ పెట్ట ఆడవాళ్లకూ పెట్టారా అన్న ప్రశ్న అప్పుడే అడగగలవు.

కాలాన్ని మరిచిపోకు. 568లో కార్పాతియన్ మైదానానికి (ఇప్పటి హంగేరీ, దాని చుట్టుపక్కల) వచ్చినవాళ్లూ, 8వ శతాబ్దంలో గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న కల్పిత జంతువు) బొమ్మల కంచు బిళ్లలు కట్టుకున్నవాళ్లూ ఒకే గంపలో పడకూడదు. మగవాళ్ల కాలాన్ని బెల్టుతో, ఆడవాళ్ల కాలాన్ని పూసలతో కడుతున్నావు కాబట్టి రెండూ ఒకే కొలతలో లేవని గుర్తుంచుకో. నిజంగా ఏ తేడా లేకపోయినా, వంద పోలికలు చేస్తే ఐదు దాకా ఊరికే 'తేడా ఉంది' అని పలుకుతాయి, ఎన్ని చేశావో రాయి.

ఇంకో చిక్కు చుట్టరికం. 2024లో హంగేరీలోని నాలుగు శ్మశానాల 424 మంది డీఎన్ఏ పరీక్షించినవాళ్లు తొమ్మిది తరాల వంశవృక్షాలు గీశారు. మగవాళ్లు పుట్టినచోటే ఉండిపోయారు, ఆడవాళ్లు బయటి నుంచి వచ్చారు. కాబట్టి పక్కపక్కనున్న పది సమాధులు పది విడి సాక్ష్యాలు కావు, ఒకే ఇంటి అలవాటు పదిసార్లు కనబడటం కావచ్చు. 'ఆడ', 'మగ' లేబుళ్లను చీట్లలా కలిపేసి, తేడా ఊరికే ఎంత వస్తుందో మళ్లీ మళ్లీ లెక్కించే పరీక్ష చేస్తే, శ్మశానంలోని ఒక్కో గుంపు లోపలే కలుపు.

మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయా సమాధుల్లో దొరికిన ఎముకల కొలతలతో కుస్తీ పట్టడానికేనని తెలుసా? పాడైన, విరిగిన ఎముకల మధ్యనే ఆయన పనిచేయాల్సి వచ్చింది.

పట్టికకు ఇంకో రెండు నిలువు వరసలు చేర్చు: 'సమాధి చెదిరిందా', 'చిన్న ఎముకలు ఏరారా'. తవ్వకం డైరీలు తీసి, మొదటి 50 సమాధులకు అవి నింపి పంపు. పరీక్షల సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న