180 రోజుల్లో 131 అయిపోయాయి

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పాప తొమ్మిదో తరగతి. జూన్ నెలాఖరులో ఎవరో తన పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరిచారు. స్కూలు వార్షికోత్సవం ఫొటోలోంచి పాప ముఖం తీసి, బట్టల్లేని బొమ్మకు అతికించి పెట్టారు. క్లాసులో ఒకబ్బాయి మీద అనుమానం. ప్రిన్సిపల్‌తో చెబితే సర్దుకుపొమ్మన్నారు. జులై 3న ఖాతా మాయమైంది. ఇప్పుడేమో, పోలీసుల దగ్గరికి వెళ్లబోమని మేం రాసిస్తే ఆ అబ్బాయికి టీసీ ఇచ్చి పంపేస్తామంటున్నారు. తెలిసిన కుర్రాడొకడు పదిహేను వేలిస్తే హ్యాక్ చేసి ఆ ఖాతా ఎవరిదో చెబుతానంటున్నాడు. పాప స్కూలుకు వెళ్లనని ఏడుస్తోంది. ఊరికి పంపి హాస్టల్లో చేర్చాలా?
— ఒక తండ్రి, నవంబరు 11

జవాబు: మీ ఉత్తరం ఐదు పేజీలు. నాలుగు పేజీల నిండా ప్రిన్సిపల్ మాటతీరు, ఆ అబ్బాయి తండ్రి హోదా. కేసును తేల్చే ముక్క ఐదో పేజీ అడుగున ఉంది: ఖాతా జులై 3న మాయమైంది.

ఆ అబ్బాయే చేశాడని మీకు అనుమానం. అనుమానం సాక్ష్యం కాదు. ఆ ఖాతాను ఏ ఫోన్ నంబరుతో తెరిచారో, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) నుంచి వాడారో ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ రికార్డు చెప్పాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, ఖాతా రద్దయ్యాక కూడా రిజిస్ట్రేషన్ వివరాలను కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి. జులై 3 నుంచి మీరు ఉత్తరం రాసిన రోజుకు 131 రోజులు. డిసెంబరు 30తో ఆ గడువు అయిపోతుంది. ఆ తర్వాత రికార్డు దొరికితే మీ అదృష్టం, దొరక్కపోతే అడిగే హక్కు లేదు.

'కేసుకు మూడేళ్ల టైముంది కదా' అని మీకెవరో చెప్పారట. సగం నిజం. ఏడాది దాటి మూడేళ్ల దాకా శిక్ష పడే నేరాలకు కోర్టులో కాలపరిమితి మూడేళ్లే. పిల్లల అశ్లీల చిత్రాలను ప్రచురించడం ఐటీ చట్టం 67బి కింద నేరం. మొదటిసారికే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి దానికి ఆ పరిమితి కూడా అడ్డురాదు. అతికించిన బొమ్మ కదా అని వదిలేయరు. 2019 సవరణ తర్వాత, ముఖం మార్చి తయారు చేసిన చిత్రం కూడా పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టం) నిర్వచనంలోకి వస్తుంది. కానీ కోర్టు తలుపు తెరిచే ఉన్నా, లోపలికి పట్టుకెళ్లడానికి మీ చేతిలో ఏముంటుంది?

ఇక మీరు చేసిన పనులు. కోపంలో పాప ఫోన్ రీసెట్ కొట్టారు. అందులో ఉన్న ఒకే ఒక్క మంచి సాక్ష్యాన్ని మీ చేత్తోనే తుడిచేశారు. అంతకంటే పెద్ద తప్పు, 'ఇది ఎవరి కొడుకు పని?' అంటూ ఆ ఫొటోను 62 మంది తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులో పెట్టడం. పది నిమిషాల్లో డిలీట్ చేశానంటున్నారు. ఆ లోపు ఎన్ని ఫోన్లలో దిగిందో మీకు తెలుసా? పోలీసులకు చెప్పడానికో, కోర్టులో చూపడానికో ఫొటోను ఉంచుకోవడాన్ని పోక్సో సెక్షన్ 15 మినహాయిస్తుంది. వాట్సాప్ గ్రూపు పోలీస్ స్టేషన్ కాదు. ఆ అబ్బాయి తరఫు లాయరు మొదట పట్టుకునేది దీన్నే. కాబట్టి దాచకండి. ఏ తేదీన పెట్టారో, ఎందుకు పెట్టారో, ఎప్పుడు తీసేశారో మీ ఫిర్యాదులో మీరే రాయండి.

హ్యాకర్ మాట మాత్రం ఇవాళే మరిచిపోండి. ఇంకొకరి ఖాతాలోకి అనుమతి లేకుండా దూరితే ఐటీ చట్టం 66 కింద మూడేళ్ల దాకా జైలు. చేయించిన మీరూ అందులో ఉంటారు. వాడు తెచ్చిచ్చే స్క్రీన్‌షాట్‌ను కోర్టు అంత తేలిగ్గా నమ్మదు, పైగా అసలు సాక్ష్యం మీదే అనుమానం వస్తుంది. పదిహేను వేలిచ్చి పాప కేసును పాడు చేసుకోవడమే.

స్కూలు ఇచ్చిన కాగితం మీద సంతకం వద్దు. ఇది ఇద్దరూ కూర్చుని రాజీ పడే నేరం కాదు. రాజీ కుదిరిందని రాజస్థాన్‌లో ఒక పోక్సో కేసును హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా పోక్సో సెక్షన్ 19, 21 ప్రకారం నేరమే. తన అధీనంలో ఉన్నవారి నేరాన్ని చెప్పని సంస్థ అధిపతికైతే ఏడాది దాకా జైలు. ఆ నేరానికి కాలపరిమితి కూడా ఏడాదే. అయితే మీరు ప్రిన్సిపల్‌కు నోటిమాటగా చెప్పారు, రుజువేది? ఫలానా తేదీన మీ గదిలో ఈ సంగతి చెప్పానని ఇప్పుడే మెయిల్ పెట్టండి. అన్నట్టు సెక్షన్ 19లో ఉన్న మాట 'ఏ వ్యక్తి అయినా' అని. నాలుగు నెలలు ఊరుకున్న తండ్రికీ అది వర్తిస్తుంది. ఆలస్యానికి కారణం ఫిర్యాదులో రాయక తప్పదు.

చేయాల్సింది ఇది. ఆ ఖాతాను మొదట చూసింది పాప స్నేహితురాలు, ఆమె ఫోన్లో స్క్రీన్‌షాట్లు ఇంకా ఉన్నాయి అన్నారు. వాటిని మీకు పంపించుకోవద్దు, క్రాప్ చేయొద్దు. ఫోన్ అలాగే ఉండాలి. పోలీసులు మహజరు (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) రాసి తీసుకుంటారు. డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) కావాలి, అది అసలు ఫోన్ నుంచి తీస్తేనే బలం. ఖాతా యూజర్ నేమ్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. పైన కనిపించే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు.

వైట్‌ఫీల్డ్ సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. నిందితుడి పేరు దగ్గర 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాయండి, అనుమానాన్ని విడిగా చెప్పండి. అబ్బాయి మైనరని తేలితే వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది, జైలుకు కాదు. ఆ మాట ముందే తెలుసుకుని వెళ్లండి. ఫిర్యాదు చివర ఒక వాక్యం తప్పక ఉండాలి: 'ఈ ఖాతా రికార్డును భద్రపరచమని కంపెనీకి వెంటనే లేఖ పంపాలి.' అలాంటి లేఖ పోలీసుల నుంచి వెళితే ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా కంపెనీ రికార్డును 90 రోజులు పట్టి ఉంచుతుంది. మీరు, నేను రాస్తే ఉంచదు.

పాప వాంగ్మూలం ఇంట్లోనో, తను కోరిన చోటో, యూనిఫాంలో లేని పోలీసు, వీలైనంత వరకు మహిళా ఎస్సై, తీసుకోవాలి. పాపకు కన్నడ అంతగా రాకపోతే అనువాదకుణ్ని ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అర్థం కాని కాగితం మీద మీరూ సంతకం పెట్టకండి. పేరు, స్కూలు బయటికి రాకూడదన్న నియమం పోక్సో సెక్షన్ 23లో ఉంది. ఫొటో మళ్లీ తేలకుండా 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్లకు వెళుతుంది. అది ఫోన్ పోలీసుల చేతికి వెళ్లక ముందే పూర్తిచేయండి. వార్షికోత్సవం ఫొటోలను స్కూలు తన పేజీలోంచి తీసేయాలని కూడా ఆ మెయిల్‌లోనే రాయండి.

హాస్టల్ సంగతి మీ ఇంట్లో తేల్చుకోండి, వాంగ్మూలం అయ్యేదాకా మాత్రం పాప ఇక్కడే ఉండాలి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు స్నేహితురాలి అమ్మగారిని కూడా రమ్మనండి. ఆ ఫోన్, దాని ఛార్జర్, కొన్నప్పటి బిల్లు వెంట తీసుకెళ్లండి.