ఆ సినిమా చూసినప్పటి నుంచి నిద్ర లేదు డాక్టర్ గారూ.. ఇది డిప్రెషనేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది విజయవాడ సత్యనారాయణపురం. మా వారికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. పాప జూన్‌లో ఇంటర్ ఫస్టియర్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లింది. ఇంట్లో నేను, మా వారు, అత్తగారు ఉంటాం. దాదాపు రెండు వారాల కిందట ఒక ఆదివారం రాత్రి ఓటీటీలో ఓ విదేశీ సినిమా చూశాం. పెళ్లయి చాలా ఏళ్లయిన జంట కథ. అందులో కొట్టుకోవడం ఉండదు, తాగుడు ఉండదు, మధ్యలో ఇంకో మనిషీ ఉండదు. ఎదురెదురుగా కూర్చుని తింటూ బిల్లుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోరు. మాట్లాడితే గుచ్చుకునేలా ఒక్క మాట. చివరికి కలవరు, విడిపోరు, అలాగే అయిపోతుంది. మా వారు ఆ భోజనాల సీను దగ్గరే ఫోన్ తీశారు. అయిపోయాక ‘ఏడుపుగొట్టు సినిమా’ అని వెళ్లి పడుకున్నారు. నాకు మాత్రం అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడగా ఉంటోంది. వంటింట్లో ఉన్నట్టుండి ఏడుపొస్తోంది. ఆ సీను ఫోన్‌లో మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తున్నాను. అత్తగారి నిద్ర మాత్ర సగం చొప్పున నాలుగైదు రాత్రులు వేసుకున్నాను. మాకు గొడవలేం లేవు, అలాగని మాటలూ లేవు. ఒక్కోసారి ఇలా ఉండి ఏం లాభం అనిపిస్తోంది. ఇది డిప్రెషనా? మందులు వాడాలా? ఇలాంటి సినిమాలు చూడటం మానేస్తే సరిపోతుందా? మా వారు రానంటే నేనొక్కదాన్నే డాక్టర్ దగ్గరికి వెళ్లవచ్చా?
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివర్లో ‘ఇలా ఉండి ఏం లాభం’ అన్న మాట ఒకటుంది. దాన్ని మీరు మామూలుగా రాసేసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. విసుగొచ్చినప్పుడు ఎవరైనా అనుకునే మాటే కావచ్చు. కానీ ఆ ఆలోచన రోజూ వస్తున్నా, పడుకున్నదాన్ని మళ్లీ లేవకపోతే బాగుండనిపిస్తున్నా, ప్రాణం తీసుకోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా ఈ జవాబు చివరి దాకా చదివే పని కూడా పెట్టుకోవద్దు. వెంటనే 14416కి ఫోన్ చేయండి. మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి పక్కన ఎవరినీ లేపబుద్ధి కానప్పుడు కూడా చేయవచ్చు. ఇంకొకటి, అత్తగారి మాత్రలు మీ చేతికి అందేచోట ఉండటం నాకు నచ్చలేదు. వాటిని మీ వారికి అప్పజెప్పి బీరువాలో పెట్టించండి. అత్తగారికి ఏ రోజు మాత్ర ఆ రోజు ఆయనే తీసి ఇస్తారు.

ఇక సినిమా సంగతి. రెండు గంటల సినిమా ఎవరికీ డిప్రెషన్ తెప్పించదు. అలాగని ‘సినిమాకే ఇంత ఏడుపా’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. తెర మీద ఉన్నది నటన అని తెలిసినా ఒళ్లు ఊరుకోదు. గుండె వేగం పెరుగుతుంది, గొంతు పట్టేస్తుంది, కన్నీళ్లొస్తాయి. మామూలుగా ఆ రాత్రికో, మహా అయితే రెండు మూడు రోజులకో అది సర్దుకుంటుంది.

మన సినిమాల్లో ఏడుపులు తక్కువేం కాదు. విజయవాడ గాంధీనగర్ థియేటర్లలో మన అమ్మలు, అమ్మమ్మలు కొంగు తడిసేలా ఏడ్చి, బయటికొచ్చి రిక్షా బేరమాడుకుని నిమ్మళంగా ఇంటికెళ్లేవారు. ఆ సినిమాల్లో ఏడిపించడానికి ఎవరో ఒకరు ఉండేవారు. గయ్యాళి అత్తో, తాగుబోతు మొగుడో, కాపురంలో నిప్పులు పోసే ఆడపడుచో. తప్పంతా వాళ్ల నెత్తిన వేసి తిట్టుకుంటే శుభం కార్డు పడేసరికి మనసు తేలికపడేది. మీరు చూసిన సినిమాలో విలన్ లేడు. తిట్టుకోవడానికి ఎవరూ దొరకనప్పుడు చూపు ముందు పక్కన కూర్చున్న మనిషి మీదికి పోతుంది, ఆ తర్వాత మన మీదికే తిరుగుతుంది. పైగా కథ తేలకుండా వదిలేశారు. తేలని కథను మనసు తనే తేల్చుకోవాలని చూస్తుంది, ఆ పని రాత్రి మూడింటికి కూడా మానదు. ఇలాంటి సినిమా తీసినవాళ్లను నేను తప్పుపట్టను. ఆదివారం రాత్రి పదింటికి, మర్నాడు పనులు పెట్టుకుని చూడటాన్ని మాత్రం తప్పుపడతాను.

నిజానికి మీ ఉత్తరంలో సినిమా కంటే నన్ను ఎక్కువ ఆపింది జూన్ నెల. పాప ఇంట్లో ఉన్నన్నాళ్లూ భార్యాభర్తల మాటలన్నీ టిఫిన్ బాక్సు, ట్యూషను, మార్కులు, ఫీజుల చుట్టూ నడిచిపోతాయి. తామిద్దరూ మాట్లాడుకోవడం లేదన్న సంగతి కూడా తెలియదు. పదో తరగతి అయ్యీ అవగానే పిల్లల్ని హాస్టల్లో వేసే అలవాటు గుంటూరు, విజయవాడల్లో మరీ ఎక్కువ. ఏ కాలేజీ, ఏ సెక్షన్ అని నెలల తరబడి ఆరా తీస్తాం కానీ, పిల్ల వెళ్లాక ఇంట్లో మిగిలిన ఇద్దరూ ఏం చేయాలో ఒక్కరూ ఆలోచించరు. హాస్టల్ నుంచి ఆదివారం ఫోన్ వస్తే స్పీకర్ పెట్టి, ఇద్దరూ దాని మీదికి వంగి మాట్లాడతారు. పెట్టేశాక ఈయన టీవీ ముందుకు, ఆమె వంటింట్లోకి. మా ఓపీలో ఈ మాట ఎన్నో ఇళ్ల నుంచి విన్నాను.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ దిగులు నిజంగా ఆ ఆదివారమే మొదలైందా? పాపను దింపి వచ్చిన వారం ఎలా ఉన్నారు? పూజ, సీరియల్, చెల్లెలితో ఫోన్‌లో కబుర్లు, ఇంతకుముందు ఇష్టంగా చేసినవన్నీ ఎప్పటి నుంచి బరువనిపిస్తున్నాయి? ఒక కాగితం మీద రాసుకోండి. తీరా రాసి చూసుకుంటే అప్పటికే ఉన్న దిగులుకు సినిమా ఒక తేదీ మాత్రమే ఇచ్చిందని తేలినా ఆశ్చర్యం లేదు.

డిప్రెషన్ అవునా కాదా అన్నదానికి ఉత్తరం చూసి ముద్ర వేయలేను. మేం చూసేది ఇది: దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి మారడం, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, తాను ఎందుకూ పనికిరాననిపించడం, చావు ఆలోచనలు లాంటివి కొన్ని కలవాలి, ఇంటి పని, బయటి పని దెబ్బతినాలి. మూడింటికి మెలకువ రావడం డిప్రెషన్‌లో బాగా కనిపించే లక్షణమే. ఒట్టి టెన్షన్‌లోనూ వస్తుంది. మీరు రెండు వారాల అంచుకు వచ్చారు కాబట్టి క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోకుండా ఈ వారంలోనే ఒకసారి చూపించుకోండి.

43 ఏళ్లన్నారు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ వయసులో నెలసరి అటూ ఇటూ అవుతూ, రాత్రిళ్లు చెమటలు పట్టి, నిద్ర చెడిపోవడం మామూలే. థైరాయిడ్ తేడా చేసినా దడ, ఏడుపు, నీరసం వస్తాయి. రక్తం తక్కువగా ఉన్నా అంతే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, విటమిన్ బీ12 పరీక్షలు చేయిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. సంసారం గురించి ఆరు నెలలు కుమిలిపోయి, చివరికి థైరాయిడ్ మాత్రతో తేరుకున్నవాళ్లు ఉన్నారు. మీకూ అదేనని చెప్పడం లేదు, ముందు అది తేల్చుకోండి అంటున్నాను.

అత్తగారి మాత్ర మాత్రం ఇవాళే ఆపేయండి. పెద్దవాళ్లకు రాసే నిద్ర మాత్రల్లో ఆల్ప్రాజోలం లాంటివి చాలా ఇళ్లలో ఉంటాయి. వేసుకున్న రాత్రి హాయిగా ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. కొన్ని వారాలకే అలవాటుగా మారి, అది లేకపోతే నిద్రే పట్టని స్థితి వస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. మీరు వేసుకున్నది నాలుగైదు రాత్రులు, అదీ సగమే కాబట్టి మానేస్తే మహా అయితే ఒకటి రెండు రాత్రులు నిద్ర తగ్గుతుంది, కంగారు పడకండి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఉన్నపళంగా ఆపొద్దు. అలా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఆ సీను ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూస్తున్నానన్నారు. పుండు మీద పక్కు గిల్లుకోవడం లాంటి పని అది. చూసిన ప్రతిసారీ దిగులు కొత్తగా మొదలవుతుంది. ఆ సినిమా మీద యూట్యూబ్‌లో వచ్చే విశ్లేషణలకు కూడా ఇదే మాట. రాత్రి ఎనిమిది దాటాక దాని జోలికి పోవద్దు. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడొద్దు. ఎంతకీ నిద్ర పట్టకపోతే దొర్లుతూ ఉండకుండా లేచి, ఫోన్ ముట్టుకోకుండా, హాల్లో చిన్న లైటు వేసుకుని కాసేపు కూర్చోండి. ఎంత తక్కువ పడుకున్నా పొద్దున్న లేచే టైమ్ మార్చొద్దు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ వద్దు.

ఇలాంటి సినిమాలు మానేయాలా అంటే, నిద్ర దారిలో పడేదాకా మానేయండి. తర్వాత మీ ఇష్టం. భార్యాభర్తల సినిమా కాపురానికి చేటు అని నేననుకోను. అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 174 కొత్త జంటల్ని మూడేళ్లు గమనించారు. కొందరికి కౌన్సెలింగ్ క్లాసులు చెప్పారు. ఇంకొందరిని భార్యాభర్తల కథలున్న సినిమాలు ఒక నెలలో ఐదు చూసి, ఒక్కోదాని తర్వాత మాట్లాడుకోమన్నారు. ఏమీ చేయని జంటల్లో మూడేళ్లలో 24 శాతం విడిపోతే, క్లాసులకు వెళ్లిన వాళ్లలో, సినిమాలు చూసి మాట్లాడుకున్న వాళ్లలో కూడా అది దాదాపు 11 శాతానికే ఆగింది. వాళ్లు కొత్త దంపతులు, మీ కాపురం వయసు వేరు, ఆ తేడా ఉంది. కానీ నాకు అర్థమైనంత వరకు మేలు చేసింది చూడటం కాదు, చూశాక మాట్లాడుకోవడం. మీ ఇంట్లో జరగనిది అదొక్కటే.

జాన్ గాట్‌మన్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు దంపతులు వాదించుకుంటుండగా వీడియోలు తీసి ఏళ్ల తరబడి పరిశీలించాడు. అయినదానికీ కానిదానికీ తప్పులెన్నడం, ఎదుటి మనిషిని చులకన చేయడం, ఏమన్నా తనను తాను సమర్థించుకోవడం, మూతి బిగించుకుని గోడలా ఉండిపోవడం.. కాపురాన్ని దెబ్బతీసేవి ఈ నాలుగూ అంటాడు. అన్నిట్లోకీ చులకన ప్రమాదకరమట. నలుగురిలో ‘దానికేం తెలుసులెండి’ అనడం, కళ్లు తిప్పడం, వెక్కిరింపుగా నవ్వడం ఇందులోకే వస్తాయి. మీరు చూసిన జంట సగం దానితోనే చెడిపోయినట్టుంది. మీ ఉత్తరంలో చులకన నాకు కనబడలేదు, మౌనం కనబడింది. అది అంత మొండి జబ్బు కాదు. మీరు ఆ సినిమా జంటే అయిపోయారని ఇప్పుడే తీర్మానించుకోవద్దు.

మీ వారు సరిగ్గా ఆ భోజనాల సీను దగ్గరే ఫోన్ తీశారన్నారు. బోరు కొట్టి తీశారో, తగలాల్సిన చోట తగిలి తీశారో మనకు తెలియదు. తనకు గుచ్చుకునే సీను వచ్చినప్పుడు మంచినీళ్లకని లేచే మగవాళ్లూ ఉంటారు. అడిగి చూడండి. రాత్రి షాపు కట్టేసి ఆకలితో ఇంటికొచ్చినప్పుడు వద్దు. ఆదివారం పొద్దున్న కాఫీ తాగేటప్పుడు అడగండి. ‘మనమూ అలాగే ఉన్నామండీ’ అని మొదలుపెడితే ఆయన లాయరైపోతారు. ‘ఆయన ఆ మాట అన్నాక ఆమె అన్నం వదిలేసి లేచి వెళ్లిపోయుంటే ఏమయ్యేదంటారు?’ అని ఆ సినిమా వాళ్ల మీద పెట్టి అడగండి. పరాయివాళ్ల సంసారం గురించి తీర్పు చెప్పమంటే కాదనే మనిషి ఆంధ్రదేశంలో లేడు! ఒక్కరోజులో ఏదో తెగిపోవాలని పెట్టుకోకుండా పావుగంట మాట్లాడితే చాలు. పాప ఊసు లేకుండా ఇద్దరూ మాట్లాడుకోవడమే మొదట్లో కొత్తగా ఉంటుంది.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. చేయి చేసుకోవడం, భయపెట్టడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, చేతిలో పైసా ఉంచకపోవడం ఉన్న ఇంట్లో ఈ కాఫీ కబుర్ల సలహా పనికిరాదు. 2005 నాటి గృహహింస చట్టం దెబ్బల్నే కాదు, మాటలతో హింసించడాన్నీ, డబ్బు ఇవ్వకుండా ఏడిపించడాన్నీ హింసగానే చూస్తుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ప్రాణభయం ఉంటే 112కి.

మందుల విషయం పరీక్షించాకే తేలుతుంది. డిప్రెషన్ ఒక మోస్తరుగా ఉంటే చాలాసార్లు కౌన్సెలింగే సరిపోతుంది. మాత్రలు అవసరమైతే పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి మూడో రోజే గుణం లేదని మానేయకూడదు. వీటికి నిద్ర మాత్రల్లా బానిసలవరు.

మీ వారు రాకపోయినా మీరొక్కరే వెళ్లవచ్చు, మొదటిసారి అదే మేలు కూడా. మనసులో ఉన్నది దాచకుండా చెప్పగలుగుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టర్‌ది. మీ ప్రాణానికి ముప్పుంటే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పదు, ఆ సంగతి మీకు ముందే చెబుతారు. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేదనుకుంటే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు అత్తగారి మాత్రల స్ట్రిప్పు, పాత థైరాయిడ్ రిపోర్టులేమైనా ఉంటే అవి, ఆఖరి నెలసరి తేదీ, నేను రాసుకోమన్న ఆ కాగితం పట్టుకెళ్లండి.