పసిబిడ్డకు సున్తీ అవసరమా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. సున్తీ చేయించుకుంటారా అని ఆసుపత్రివారు అడిగారట. చేయిస్తే ఇన్‌ఫెక్షన్లు రావని అల్లుడి స్నేహితులు చెబుతున్నారు. మా ఇళ్లలో ఆ ఆచారం లేదు. బిడ్డకు తోలు వెనక్కి జరగడం లేదని అమ్మాయి భయపడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి భయం తీర్చండి. పుట్టిన మగబిడ్డకు ముందోలు లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. అది ఏళ్ల మీద దానంతటదే విడుతుంది, కొందరికి యుక్తవయసు దాకా పడుతుంది. నీళ్లు పోసేటప్పుడు నూనె రాసి తోలును రోజూ కొంచెం కొంచెంగా వెనక్కి లాగే అలవాటు మన వైపు ఇంకా ఉంది. అలా లాగితే చర్మం చిట్లి, మానేటప్పుడు మచ్చకట్టి బిగుసుకుని, లేని జబ్బు వస్తుంది. పైపైన నీళ్లతో కడిగితే చాలు.

సున్తీ విషయంలో వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. నష్టాలకన్నా లాభాలే ఎక్కువని 2012లో చెప్పిన అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సైతం, అందరికీ చేయమనేంత లాభాలు కావంటూ నిర్ణయాన్ని తల్లిదండ్రులకే వదిలింది. వైద్య కారణం లేకుండా చేయడాన్ని నెదర్లాండ్స్ వైద్యుల సంఘం 2010లోనే వ్యతిరేకించింది. సున్తీ వల్ల మొదటి ఏడాదిలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు తగ్గే మాట నిజమే. కానీ సున్తీ లేని మగబిడ్డలలోనూ అవి వచ్చేది సుమారు నూటికి ఒకరికే, వచ్చినా యాంటీబయాటిక్‌లతో నయమవుతాయి. హెచ్‌ఐవీ ముప్పు సుమారు 60 శాతం తగ్గుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాటకు ఆధారం ఆఫ్రికాలో వయసొచ్చిన మగవారిపై జరిగిన పరిశోధనలు. పురిటిబిడ్డ విషయంలో తొందరపడడానికి అది కారణం కాదు.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మీ మనవడికి ఇప్పుడు చేయించవద్దనే నా సలహా. పెద్దయ్యాక చేస్తే బాధ ఎక్కువన్నది ఒప్పుకోవలసిందే, అయితే చాలామందికి ఆ అవసరమే రాదు. వాడి శరీరం గురించి వాడే నిర్ణయించుకునే అవకాశమూ మిగులుతుంది.

మత నియమంగా చేయించే ముస్లిం కుటుంబాల సంగతి వేరు. వారిని నేను కోరేది ఒక్కటే: శిక్షణ పొందిన సర్జన్ చేత, నొప్పి తెలియకుండా మందు ఇప్పించి చేయించండి. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే ముందే చెప్పండి. మూత్రరంధ్రం కిందివైపున ఉన్న బిడ్డకు మాత్రం చేయించకూడదు, దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావలసి రావచ్చు.

బిడ్డ మూత్రం బొట్లుబొట్లుగా పోస్తున్నా, పోసేటప్పుడు ఏడుస్తున్నా, తోలు ఎర్రగా వాచినా, కారణం తెలియని జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికి చూపించమని అమ్మాయికి చెప్పండి.