మిల్లు నడిపే మేనకోడలికి: వయొలిన్ గురించి, పిల్లల చదువు గురించి

ఆదోని

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డాను. మిల్లు ఒక కుదురుకు వచ్చింది, ఇక వయొలిన్ నేర్చుకోవాలని ఉంది, పక్క పల్లెల పిల్లల చదువుకు ఏదైనా చేయాలని ఉంది, రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చా అని అడిగావు. పెట్టుకో. ఈ రెండు పనులూ నా జీవితంలో వ్యాపారంతో పాటే సాగాయి కాబట్టి చెప్పగలను. అయితే మిగిలిన టైమ్‌లో సంగీతం, మిగిలిన డబ్బుతో దానం అనుకుంటే మాత్రం రెండూ ముందుకు పోవు. పత్తి వ్యాపారంలో మిగిలేది ఎప్పుడూ ఉండదు. ఇంకో లారీ సరుకు, ఇంకో మెషీన్, ఇంకో గోడౌన్ దాన్ని తినేస్తాయి. సంగీతానికి టైమ్, చదువుకు డబ్బు ముందే తీసి పక్కన పెట్టాలి. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

ముందు డబ్బు సంగతి. 2022 మే నెలలో దూది క్యాండీ, అంటే 356 కిలోల ధర, లక్ష రూపాయలు దాటడం నువ్వు చూశావు. ఏడాది తిరిగేసరికి అదే క్యాండీ అరవై వేల చిల్లరకు దిగింది. లక్ష ఉన్నప్పుడు ఉత్సాహంగా మాట ఇచ్చి, ధర పడినప్పుడు చేతులెత్తేస్తే నష్టపోయేది మనం కాదు, ఇంటర్ సెకండియర్‌లో ఉన్న ఏ కోసిగి పిల్లో. అందుకని మంచి ఏడాది చూసి లెక్క వేయొద్దు. ఈ ఐదేళ్లలో మిల్లు అన్నిటికంటే తక్కువ సంపాదించిన ఏడాది ఏదో పుస్తకాలు తీసి చూడు. ఆ ఏడాది కూడా నొప్పి లేకుండా ఇవ్వగలిగే మొత్తం ఎంతో, అదే నీ దానం. ఒక పిల్లను తీసుకునే ముందు ఆ పిల్ల కోర్సు పూర్తయ్యేదాకా పట్టే డబ్బు మొత్తం బ్యాంకులో డిపాజిట్ అయి ఉండాలి. ఈ పద్ధతిలో ముప్పై మందికి బదులు ఆరుగురే అవుతారు. అయినా సరే, ఆ ఆరుగురి చదువు పూర్తవుతుంది.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఉంది కదా. 500 కోట్ల నెట్‌వర్త్, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి తాకినా కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. మనది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, ఆ చట్టం మన దాకా రాదు. కాబట్టి నీకు ఆడిటర్ గుర్తు చేయడు, ఎవరూ నోటీసు పంపరు. నీకు నువ్వే చట్టం పెట్టుకోవాలి. ఫర్మ్ లెక్కల్లోంచి తీయొద్దు, నీ వాటాలోంచి తియ్యి. మీ అన్నకు ముందే చెప్పు. మంచి పనే కదా అని చెప్పకుండా చేసిన ఖర్చు వల్ల అన్నదమ్ముల మధ్య మాటలు పడిపోయిన ఇళ్లు ఈ ఊళ్లోనే చూశాను.

ట్రస్టు పెట్టడానికి తొందరపడకు. మొదటి రెండు మూడేళ్లు నీ ఖాతా నుంచే కాలేజీకి, హాస్టల్‌కు నేరుగా చెక్కులు రాయి. పని అర్థమయ్యాక డీడ్ రాయించి రిజిస్టర్ చేయించు, పాన్, ఖాతా వేరుగా పెట్టు. ట్రస్టీల్లో మన ఇంటి పేరు లేని మనిషి ఒక్కరైనా ఉండాలి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ దొరికితే అంతకంటే కావలసింది లేదు. నువ్వు తప్పు చేస్తుంటే మొహం మీద చెప్పగలిగే మనిషి కావాలి, మన జీతం తీసుకునేవాళ్లు చెప్పలేరు.

ఇక డబ్బు దేనికి పెట్టాలి అన్నది. బడిలో ఒక గది కట్టించి నాన్న పేరు మీద బోర్డు పెట్టిద్దాం అని రాశావు. బావగారి మీద నీ ప్రేమ నాకు తెలియంది కాదు. కానీ మన పడమటి మండలాల్లో గదుల కంటే పెద్ద కొరత, ఆ గదుల్లో కూర్చోవలసిన పిల్లలు ఊళ్లో లేకపోవడం. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు వాన పంట చేతికొచ్చినా రాకపోయినా, పొలం పని అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి మొగుడూ పెళ్లామూ పోతే, వెనకాలే పిల్లలూ పోతారు. ఆరో క్లాసు పిల్ల అక్కడ చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని కల్లం పక్కన కూర్చుంటుంది. ఉగాదికి తిరిగొచ్చేసరికి ఏడాది పాఠాలు అయిపోయి ఉంటాయి. రెండేళ్లు ఇలా జరిగాక ఆ పిల్ల ఇక బడి మెట్లు ఎక్కదు. సిగ్గుపడుతుంది, తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలి కదా.

నువ్వు పని చేయవలసింది ఇక్కడ. ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే ఏర్పాటు అది. ఏ ఊళ్లో ఉంది, ఏ ఊళ్లో లేదు, ఉన్నచోట రాత్రిపూట ఆడపిల్లలకు తోడుగా ఎవరు పడుకుంటున్నారు, దుప్పట్లు ఉన్నాయా, బాత్రూమ్‌కు తలుపు ఉందా, ఇవి నువ్వే పోయి చూడు. మేనేజర్‌ను పంపొద్దు. కొందరు పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు. అలాంటి ఇంటికి ఆ నాలుగు నెలలూ బియ్యం, పప్పు బేడలు, నూనె ఇవ్వు. సాయంత్రం చదివించడానికి ఆ ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయికి జీతం ఇవ్వు. పని మొదలుపెట్టే టైమ్ చాలా ముఖ్యం. కూలీలను తీసుకుపోయే మేస్త్రి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టాక నువ్వు పోయి ఎంత చెప్పినా లాభం లేదు. దసరా, దీపావళి మధ్యలోనే తల్లులతో కూర్చుని మాట్లాడాలి. అది నీకు పత్తి సీజన్ పీక్‌లో ఉండే టైమ్ అని నాకు తెలుసు. కష్టమే, అయినా వేరే దారి లేదు.

ఇంకో పని ఉంది, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అని, పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000 కేంద్రం ఇస్తుంది. ఒక పేపర్ రీజనింగ్, ఒకటి సబ్జెక్టులు. రీజనింగ్ ప్రశ్నలు మన పల్లె పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు, నాలుగు నెలలు ప్రాక్టీస్ చేయిస్తే వచ్చేస్తాయి. అసలు చిక్కు పాసైన తరువాత. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదని, పేరులో ఒక అక్షరం తేడా ఉందని, రెండో ఏడాది రెన్యువల్ చేయలేదని వచ్చిన స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. కూలికి పోయే తల్లి ఆ పోర్టల్ ఎక్కడ తెరుస్తుంది? ఈ ఒక్క పని కోసం కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ణి పెట్టుకో. మిల్లు గుమాస్తాకు అదనపు పనిగా అంటగట్టొద్దు, వాడికి తూకాలు, బిల్లులే సరిపోతాయి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అప్లికేషన్ కూడా అతనే చూసుకోవచ్చు. ఆరేళ్ల కోర్సు, ఇంటర్, బీటెక్ కలిసి ఒకేచోట అయిపోతాయి.

ఫొటోల సంగతి ఒక మాట. చెక్కు పట్టుకుని పిల్లను పక్కన నిలబెట్టి పేపర్లో వేయించొద్దు. రేపు ఆ పిల్ల మన మార్కెట్ యార్డులోనే ఆఫీసరై రావచ్చు. మంచి పని చేస్తే పేరు దానంతటదే వస్తుంది, 1866 కరువులో గంజి పోయించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద మన సీమలో జనమే పాటలు కట్టుకున్నారు.

ఇప్పుడు నీ వయొలిన్. గురువును మిల్లు ఆఫీసుకు పిలిపించుకోవద్దు. నువ్వే వాళ్లింటికి పో, చెప్పులు బయట విడిచి కింద కూర్చో. పొద్దున్నుంచి రాత్రి దాకా నువ్వు చెబితే పని జరుగుతుంది. వారానికి రెండు గంటలైనా ఇంకొకరు చెబితే నువ్వు చేసే చోటు ఒకటి ఉండాలి. ఫీజు నెల మొదట్లోనే ఇచ్చేయి, నువ్వు రాలేకపోయిన నెల కూడా ఇవ్వు.

మొదటి కొన్ని వారాలు ఖాళీ తీగ మీద బో (కమాను) లాగడమే. ఈ చివర నుంచి ఆ చివర దాకా, బ్రిడ్జికి సమాంతరంగా, మధ్యలో వణకకుండా. విసుగొస్తుంది. ఆ తరువాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే మొదటి స్వర పాఠాలు. అక్కడ ఒక అందం ఉంది, గమనించు. మన కర్ణాటక సంగీత పద్ధతిలో తీగలను స, ప, స, ప అని శ్రుతి చేస్తాం. ఒక తీగ మీద స రి గ మ వాయించిన వేళ్లు ఎంత ఎడంలో ఉన్నాయో, పక్క తీగ మీద ప ద ని స కూ సరిగ్గా అంతే ఎడంలో పడతాయి. రాగంలో రెండు సగాలూ ఒకే కొలత. ఇది కళ్లతో చూడగలిగే వాయిద్యం వయొలినే అని నాకనిపిస్తుంది. మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ వాయించు. మూడో కాలం రాలేదని టెన్షన్ పడొద్దు, మొదటి కాలంలో శ్రుతి తప్పకుండా ఉండడమే కష్టం.

ఈ వరుసలను మనకు పెట్టింది పురందరదాసు అంటారు. ఆయన కూడా వ్యాపారే, నవకోటి నారాయణుడని పేరున్న సంపన్నుడు. అంతా వదిలేసి తంబూర పట్టాడని చెప్పుకుంటారు. ఆ దాసుల పరంపరలోని విజయదాసు చివరి రోజులు గడిపింది మన ఆలూరు దగ్గర చిప్పగిరిలోనే. ఒకసారి పోయి రా. నిన్ను వదిలేయమని నేను చెప్పడం లేదు. నీ మిల్లు మీద వంద కుటుంబాలు బతుకుతున్నాయి, దాన్ని వదలడం నీకు ధర్మం కాదు. సంగీతానికి నువ్వు ఇవ్వగలిగింది తెల్లవారి ఐదున్నర నుంచి ఆరున్నర. ఆ గంటలో ఫోన్ వేరే గదిలో ఉండాలి. ముంబై పత్తి రేటు ఆ గంటలో ఏమీ మారదు.

ఒక జాగ్రత్త తప్పకుండా పాటించు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ హాల్లో ఇయర్‌ప్లగ్‌లు లేకుండా నిలబడకు. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిది గంటలు గడిపితే వినికిడి మెల్లగా పోతుంది, పోయింది తిరిగి రాదు. ముందు పోయేది సన్నని పై స్థాయి శబ్దాలే. నీకు కొనేటప్పుడు హాల్లో పనిచేసే ఆడవాళ్లకు, మగవాళ్లకు అందరికీ కొను, దూది నుసి పోకుండా మాస్కులు కూడా. వాళ్ల చెవులూ చెవులే. పిల్లల చదువుకు డబ్బు ఇచ్చే మిల్లులో ఆ పిల్లల తల్లులకు చెముడు రాకూడదు.

స్టేజీ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. నువ్వు స్పాన్సర్ చేస్తే నీకు అరగంట స్లాట్ ఇచ్చేవాళ్లు చాలామంది వస్తారు. తేమతో పెరిగిన తూకం దూది కాదని నీకు తెలుసు, ఆ చప్పట్లూ అంతే. కచేరీలకు చందా ఇవ్వు, ముందు వరుసలో కూర్చుని విను, ఆ సభలో మాత్రం వాయించకు. నీకు చేయి తిరిగాక పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనలో గోష్ఠిలో వెనక వరుసలో కూర్చుని అందరితో కలిపి వాయించు. అందులో ఉన్న ఆనందం వేరు, నీ తప్పు పది మంది నాదంలో కలిసిపోయి నువ్వు నేర్చుకుంటావు.

సంగీతాన్నీ ఆ పిల్లలనూ కలపాలని నీకు ఎలాగూ అనిపిస్తుంది. కలుపు, కానీ వాళ్ల చేతికి వయొలిన్ ఇచ్చి మొదలుపెట్టొద్దు. ఆ ఊళ్లలో భజన గురువులు ఉన్నారు, చెక్కభజన, కోలాటం నేర్పేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరికి జీతం ఇచ్చి హాస్టల్‌కు వారానికి రెండు సాయంత్రాలు రప్పించు. అమ్మానాన్న దూరంగా ఉన్న పిల్లలకు సాయంత్రం పూట గొంతెత్తి పాడడం ఎంత అవసరమో నువ్వు అక్కడ ఒక రాత్రి ఉంటే తెలుస్తుంది. వాళ్లలో ఎవరికైనా శ్రుతి పట్టే చెవి ఉంటే, ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి. ఆ ఫీజు, బస్సు చార్జీ అప్పుడు చూసుకుందాం.

వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను. ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు తీసిపెట్టు, కోసిగి హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి ఎనిమిదో క్లాసులో ఎంతమంది ఉన్నారో, అందులో పోయిన సుగ్గికి ఎంతమంది వెళ్లారో రాసిపెట్టు. వయొలిన్ మాత్రం నేను వచ్చేదాకా కొనకు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామ