ఆ మాట కొట్టేయమ్మా

అమ్మా,

పాతతరం తెలుగు సినిమా నటుడు సి.యస్.ఆర్. ఆంజనేయులు గారి మీద నువ్వు రాసిన ఏడు పేజీలూ అందాయి. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ పూట ఇక ముందుకు చదవలేకపోయాను. "హీరో అవకాశాలు తగ్గిపోవడంతో ఆయన క్యారెక్టర్ వేషాలకు దిగజారారు" అని రాశావు.

ఎక్కడి నుంచి ఎక్కడికి దిగజారారమ్మా? 1936లో 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో ఆయన కృష్ణుడు. 1951లో 'పాతాళ భైరవి'లో ఉజ్జయిని రాజు, 1953లో 'దేవదాసు'లో పార్వతిని కట్టుకున్న జమీందారు, 1955లో 'కన్యాశుల్కం'లో రామప్ప పంతులు, 1957లో 'మాయాబజార్'లో శకుని. చీర ఇచ్చి ద్రౌపది మానం కాపాడిన వేషం నుంచి, పాండవులు ఆమెను జూదంలో ఓడిపోయేలా చేసిన కౌరవుల మేనమామ వేషం దాకా 21 ఏళ్లలో నడిచిన మనిషి. ఇవన్నీ నీ వ్యాసంలోనే ఉన్నాయి. పోగు చేశావు, పక్కపక్కన పెట్టావు, చూడలేదు.

చూడలేదని ఎందుకంటున్నానో చెబుతాను. ఏడు పేజీల్లో నాలుగు చోట్ల "పాత్రలో జీవించారు" అని ఉంది. నటుడి గురించి ఆ మాట రాసిన ప్రతిసారీ ఆ నటుడు మన కళ్ల ముందు నుంచి తప్పుకుంటాడు. చెయ్యి ఏం చేసింది, గొంతు ఎక్కడ దిగింది, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ఇతను ఎటు చూశాడు అన్నవి రాయడం కష్టం కాబట్టి ఆ మాట వాడతాం. నేను దాని మీద నలభై ఏళ్లుగా పోట్లాడుతున్నాను. పొగడ్తలు కాదు, నటుడు చేసిన పని రాయాలి.

టాకీలు, అంటే మాట్లాడే సినిమాలు, వచ్చిన కొత్తలో ఆ పని ఎలాంటిదో నీకు తెలియాలి. వాళ్లంతా నాటకాల నుంచి వచ్చినవాళ్లు. మైకు లేని పందిట్లో చివరి వరుస దాకా వినిపించేలా పద్యం పాడి పాడి ఆ గొంతులు తయారయ్యాయి. 1933లో కలకత్తాలో తీసిన 'సతీ సావిత్రి'లో యముడు వేమూరి గగ్గయ్య గారిది అలాంటి గొంతే. మద్రాసులో మనకు టాకీ స్టూడియోలు లేని రోజులవి. బొంబాయికో, కలకత్తాకో రైలెక్కి వెళ్లాలి. నేపథ్య గానం ఇంకా రాలేదు. ఎవరి పాట వాళ్లే, నటిస్తూనే పాడాలి. వాద్యాల వాళ్లు కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని వాయించాలి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక ముసలి నటుడి దగ్గరికి వెళ్లాను. తొలి టాకీల్లో చిన్నచిన్న వేషాలు వేసినాయన. పేరు రాయను, ఎక్కడా తన పేరు వేయవద్దని మాట తీసుకున్నాడు. మైకు ముందు ఎలా పాడేవారండీ అని అడిగాను. మంచం మీద నుంచి లేచి నిలబడి, పైపంచె నడుముకు బిగించి, పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదంలో గొంతు పైకి లేస్తుంటే కుడి కాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. కిందికి దిగుతూ మళ్లీ అదే అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు ఎవరూ నేర్పలేదట. మొదటి రోజు మైకులో గొంతు పగిలినట్టు వినపడిందని సౌండ్ ఇంజనీరు కసురుకుంటే, రాత్రంతా బసలో గోడ ముందు నిలబడి సాధన చేశాడట. మరునాడు ఆ అడుగును నడకలో కలిపేశాడు. తెర మీద చూసినవాళ్లకు అది పాత్ర నడకలాగే కనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. నాటకంలో "వన్స్ మోర్" అంటే మెప్పు. జనం అరిస్తే అదే పద్యం మళ్లీ పాడేవాడు. స్టూడియోలో ఇంకోసారి అన్నారంటే తప్పు చేశావని. మొదటిసారి ఆ మాట విని, మెచ్చుకున్నారనుకుని నమస్కారం పెట్టాడట. ఇది చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

నేను ఈ అడుగు గురించీ, ఆ నమస్కారం గురించీ పదిహేను పేజీలు రాసి ఒక వారపత్రికకు ఇచ్చాను. సంపాదకుడు ఆ రెండూ తీసేసి, మొదట్లో "మరుగున పడిన మాణిక్యం" అని శీర్షిక పెట్టి, చివర "పాత్రలో జీవించిన మహానటుడు" అని తానే ఒక వాక్యం చేర్చి అచ్చు వేశాడు. అది పట్టుకుని ఆ ముసలాయన ఇంటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. వెళ్లలేదు. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఇప్పటి పత్రికలూ అంతే, జయంతికో వర్ధంతికో తప్ప నటుడు గుర్తుకు రాడు. గుర్తుకొచ్చినా బిరుదులు, సినిమాల లెక్క, అంతటితో సరి. నువ్వు ఆ దారిలో పడవద్దనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

'మాయాబజార్'లో శకుని సత్యపీఠం మీద నిలబడే చోటు నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. జీవితమంతా అబద్ధంతో నెగ్గుకొచ్చినవాడి నోటి నుంచి నిజం వద్దన్నా బయటికి వస్తుంది. నటుడికి అంతకంటే కష్టమైన పని ఏముంటుంది? ఆ ఘట్టం మూడుసార్లు చూడు, అందులో ఒకసారి శబ్దం ఆపేసి చూడు. కళ్లు ఏం చేశాయో, చేతులు ఎక్కడ ఉన్నాయో కాగితం మీద పెట్టు. రెండు పేజీలు చాలు.

కలం పేరు గురించీ, పుస్తకం వేయడం గురించీ అడిగావు. వాటి సంగతి తర్వాత.

నీ ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది: "శకుని తెర మీదికి రాగానే మా నాయనమ్మ పమిట సర్దుకునేది." అది చదివి కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పరాయి మగవాడు గుమ్మంలోకి వచ్చినట్టు ఆమెకు ఎందుకు అనిపించింది? నాయనమ్మ ఉంటే వెళ్లి అడుగు. లేకపోతే, ఆమె ఏం చూసి పమిట సర్దుకుందో ఆ సినిమాలోనే వెతుకు. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ మేలుకోరే
పెద్దాయన